దొరికిన జవాబు మరొకరికి దొరికేలా ఉంచాలి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు వాడి, ఆ తర్వాత బీరువాలో దాచి మరిచిపోయిన 1970ల నాటి ఫిల్ము కెమెరా ఒకటి కిందటేడాది నా చేతికి వచ్చింది. లెన్సు తుడిచి, కొత్త బ్యాటరీ వేసి, రీలు ఎక్కించి చూస్తే అన్నీ సవ్యంగానే ఉన్నట్టు అనిపించింది. షట్టరు పడుతోంది, వ్యూఫైండరులో లైటు మీటరు ముల్లు వెలుతురును బట్టి పైకీ కిందికీ కదులుతోంది. అయినా వరసగా మూడు రీళ్ళు చీకటిగా వచ్చాయి. నెగెటివ్‌లు పల్చగా ఉన్నాయి, ప్రింట్లలో ముఖాల మీద నీడ పడిన భాగమంతా ఒకే నల్లటి మరకలా కలిసిపోయింది. మొదట రీలు పాతదేమో అనుకున్నాను, తర్వాత కడిగినవారిని అనుమానించాను, చివరికి నా చేతినే అనుమానించాను. ఇంత చిన్న సంగతిని మీ పత్రిక దాకా ఎందుకు తెస్తున్నానంటే, ఆ మూడు రీళ్ళు పాడవడానికి అసలు కారణం అప్పటికే ఎంతోమందికి తెలుసు, వాళ్ళు దాన్ని ఇంటర్నెట్‌లో ఎన్నోసార్లు రాశారు కూడా, అయినా అది నాకు దొరకలేదు.

వెతకలేదని కాదు, చాలా రాత్రులు కూర్చుని వెతికాను. ఒకచోట సరిగ్గా నా కెమెరాయే, సరిగ్గా నా ఇబ్బందే ఉన్న మనిషి ఆరేళ్ళ కిందట అడిగిన ప్రశ్న కనిపించింది. దానికి ఆయన పెట్టిన శీర్షిక "దయచేసి ఎవరైనా సాయం చేయండి" అని మాత్రమే. కింద పదకొండు జవాబులు ఉన్నాయి. ఏ రీలు వాడారని ఇద్దరు అడిగారు, ఒకరు కెమెరా అందాన్ని మెచ్చుకున్నారు, ఒకరు ఇది ఇదివరకే చాలాసార్లు చర్చించిన విషయమేనని, వెతుక్కోమని చెప్పి వెళ్ళిపోయారు. మరొకరు "ఈ బొమ్మలో చూపినట్టు చేయండి" అని రాశారు గానీ, ఆ బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ గడి తప్ప ఏమీ మిగల్లేదు. చివరి జవాబు అడిగిన మనిషిదే. "సమస్య తీరిపోయింది, అందరికీ ధన్యవాదాలు" అని రాసి ఆయన చర్చ ముగించారు. ఏం చేస్తే తీరిందో ఒక్క ముక్క రాయలేదు. ఆ వాక్యాన్ని చదివిన రాత్రి నాకు కలిగిన నిస్పృహను ఏ అభిరుచిలోనైనా కొంతకాలం తిరిగినవారు వెంటనే గుర్తుపడతారని నా నమ్మకం.

కారణం తర్వాత మరోచోట, మరో కెమెరా గురించిన చర్చ మధ్యలో అనుకోకుండా కంటబడింది. ఆ కాలపు కెమెరాల్లో చాలావాటి లైటు మీటర్లను 1.35 వోల్టుల పాదరసపు బటన్ సెల్లుకు సరిపోయేలా తయారు చేశారు. పాదరసం వల్ల కలిగే హాని కారణంగా 1990లలో పలు దేశాలు ఆ సెల్లులను నిషేధించాయి, అమెరికాలో 1996లో ఇందుకోసం చట్టమే వచ్చింది. ఇప్పుడు అదే ఆకారంలో దొరికే ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులది. ఆ కొద్దిపాటి ఎక్కువ వోల్టేజీ వల్ల ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ వెలుతురు చూపిస్తుంది, దాన్ని నమ్మిన కెమెరా లెన్సు ద్వారాన్ని అవసరమైనదానికంటే చిన్నది చేస్తుంది, ఫొటో చీకటిగా వస్తుంది. వినికిడి యంత్రాల్లో వాడే 675 సైజు జింక్-ఎయిర్ సెల్లు సుమారు 1.4 వోల్టులు ఇస్తుంది, పైగా ఆల్కలైన్ సెల్లులా వాడేకొద్దీ మెల్లగా దిగిపోకుండా చాలాకాలం ఒకే స్థాయిలో నిలబడుతుంది. దాని వ్యాసం 11.6 మిల్లీమీటర్లు, పాత సెల్లుది 15.6 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టూ ఒక రబ్బరు రింగు తొడిగితే గూట్లో కదలకుండా కూర్చుంటుంది. దీనికి అయిదు నిమిషాలు చాలు. తెలిసినవాళ్ళకు ఇది ఎంత మామూలు సంగతంటే, దాన్ని ప్రత్యేకంగా ఒకచోట రాసిపెట్టాలని కూడా వాళ్ళకు తోచదు.

జవాబు లేకపోవడం ఒక ఇబ్బంది, ఉన్న జవాబు చేరాల్సినవారికి చేరకపోవడం మరొకటి. అభిరుచుల లోకంలో రెండోదే చాలా ఎక్కువ. తోటపని, చేపల తొట్టెలు, పాత రేడియోలు, కుట్టుపని, టెలిస్కోపులు, సైకిళ్ళు, ఫౌంటెన్ పెన్నులు, ఏది తీసుకున్నా జీతం భత్యం లేకుండా, ఇష్టం కొద్దీ ఏళ్ళ తరబడి చేసి నేర్చుకున్నవారు ఉన్నారు, అడిగితే గంటల సేపు ఓపికగా చెప్పేవారూ ఉన్నారు. వారు చెప్పింది మర్నాటికే కొత్త సందేశాల కింద కనుమరుగైపోతోంది. కొత్త నీరు వచ్చి పాత నీటిని కొట్టుకుపోవడం ఏటికి సహజమే గానీ, విజ్ఞానం విషయంలో దాన్ని సహజమని సరిపెట్టుకోకూడదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పడంతో పని అయిపోలేదని, తర్వాత వచ్చేవారికి అది దొరికేలా ఉంచడం కూడా జవాబులో భాగమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఈ ఇబ్బంది కొత్తదేమీ కాదు, దీనికి మందు కనిపెట్టినవారు కూడా ఉన్నారు. 1979లో డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ తలపెట్టిన యూజ్‌నెట్ 1980లో పనిలోకి వచ్చింది. వెబ్ పుట్టడానికి చాలా ముందే వేలాదిమంది కంప్యూటర్ల ద్వారా చర్చించుకున్న వేదిక అది. 1987లో దానిలోని చర్చా విభాగాలన్నిటినీ కొత్త పేర్లతో వరస పెట్టినప్పుడు అభిరుచులకు, వినోదాలకు ఒక ప్రత్యేక శాఖే ఏర్పడింది. ఏటా సెప్టెంబరులో విశ్వవిద్యాలయాల్లో చేరిన కొత్త విద్యార్థులు అక్కడికి వచ్చి పాత ప్రశ్నలే అడిగేవారు. విసుగెత్తిన పాతవారిలో కొందరు విసుక్కోవడం దగ్గరే ఆగిపోలేదు. పదేపదే వచ్చే ప్రశ్నలను, వాటికి అందరూ ఒప్పుకున్న జవాబులను ఒక పత్రంగా కూర్చి, దాన్ని నిర్ణీత కాలానికి ఒకసారి మళ్ళీ మళ్ళీ ప్రచురిస్తూ, తప్పులు తెలిసినప్పుడల్లా దిద్దుతూ వచ్చారు. మనం ఇప్పుడు ప్రతి సంస్థ వెబ్‌సైటులో చూసే "తరచూ అడిగే ప్రశ్నలు" అనే పుట వ్యాపించింది అక్కడి నుంచే. ఆ పత్రాల్లో చాలావాటిని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని ఒక కంప్యూటరులో భద్రపరిచేవారు. ఒక్కో పత్రానికి పైన పేరు వేసుకున్న ఒక బాధ్యుడు ఉండేవాడు, అది దొరికే స్థిరమైన చోటు ఉండేది, చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ ఉండేది. ఈ మూడూ ఉండటం వల్లే అది బతికింది.

ఈనాటి గ్రూపుల్లో కనిపించని మూడు సంగతులూ సరిగ్గా ఇవే. బాధ్యుడు లేడు, ఒక స్థిరమైన చోటు లేదు, తేదీ వేసి సవరించే అలవాటు లేదు. పైగా చర్చల్లో చాలా భాగం ఫోన్లలోని మెసేజింగ్ యాప్‌ల గ్రూపుల్లోకి వెళ్ళిపోయింది. అక్కడ మాట త్వరగా నడుస్తుంది, ఆత్మీయత కూడా ఎక్కువ, అందులో తప్పేమీ లేదు. అయితే అక్కడ రాసింది బయట సెర్చ్ ఇంజిన్లలో వెతికేవారికి కనిపించదు. లోపలున్నవారు వెతకాలన్నా ఒకే ధారలో "శుభోదయం" నుంచి పుట్టినరోజు శుభాకాంక్షల దాకా అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి గడ్డివాములో సూది వెతికినట్టే ఉంటుంది. ఇప్పుడు చాలామంది గ్రూపుల బదులు ఏఐ చాట్‌బాట్‌ను అడుగుతున్నారు. అదైనా ఎవరో ఒకరు అందరికీ కనిపించేలా రాసిపెట్టినదాని మీదే ఆధారపడాలి. "సమస్య తీరిపోయింది" అనే వాక్యం నుంచి ఏ యంత్రమూ ఏమీ నేర్చుకోలేదు.

అన్నిటికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాటల సంగతి. చేపల తొట్టెల విషయం చూడండి. కొత్త తొట్టెలో నీళ్ళు నింపి వెంటనే చేపలను వేస్తే కొద్ది రోజుల్లోనే అవి నీరసించి చనిపోవడం మామూలుగా జరిగే దుర్ఘటన. చేపల విసర్జనల నుంచి అమ్మోనియా పుడుతుంది, దాన్ని ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైటుగా, ఆ నైట్రైటును మరో జాతి బ్యాక్టీరియా అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. ఈ బ్యాక్టీరియా ఫిల్టరులో తగినంతగా పెరగడానికి కొన్ని వారాలు పడుతుంది. అనుభవజ్ఞులు దీన్ని "నైట్రోజన్ చక్రం" అంటారు, దాని మీద చక్కటి వివరణలు కూడా రాసి ఉంచారు. కానీ ఉదయం లేచి తొట్టెలో రెండు చేపలు పైకి తేలి ఉండటం చూసిన కొత్తవారు వెతికేది "నైట్రోజన్ చక్రం" అని కాదు. వాళ్ళు "కొత్త తొట్టెలో చేపలు చనిపోతున్నాయి" అనో, "నీళ్ళు తెల్లగా మబ్బుగా అయ్యాయి" అనో, "చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది" అనో వెతుకుతారు. వాళ్ళకు తెలియాల్సిన మాట ఏదో వాళ్ళకు ఇంకా తెలియదు, ఆ మాట తెలిసుంటే సగం జవాబు తెలిసినట్టే. జవాబు రాసేవారు తమకు తెలిసిన పేరును శీర్షికలో పెట్టి, అడిగేవారి కంటికి కనిపించే లక్షణాన్ని ఎక్కడా రాయకపోతే, ఆ వివరణ ఎంత బాగున్నా తాళం వేసిన గదిలో దీపం పెట్టినట్టే.

కాబట్టి శీర్షికలో లక్షణం ఉండాలి. నా కెమెరా విషయంలో "ఫొటోలన్నీ చీకటిగా వస్తున్నాయి" అన్న మూడు మాటలు, కెమెరా మోడలు పేరు ఉంటే చాలు. ఆరేళ్ళ కిందటి ఆ ప్రశ్న నాకు మొదటి రాత్రే దొరికేది, దాని కింద జవాబు చెప్పేవారు కూడా విషయం చూడగానే గుర్తించి నేరుగా బ్యాటరీ గురించే చెప్పేవారు. "సాయం చేయండి", "అర్జెంట్", "ఒక చిన్న సందేహం" వంటి శీర్షికలతో ప్రశ్న వస్తే, గ్రూపు నిర్వాహకులు దాన్ని తొలగించనక్కరలేదు, అడిగినవారిని మందలించనక్కరలేదు. శీర్షికను మార్చి ఊరుకుంటే చాలు. అడిగేటప్పుడు మనిషి కంగారులో ఉంటాడు, అతనికి శీర్షిక పెట్టే ఓపిక ఉండదు. ఆ ఓపిక నిర్వాహకులకు ఉండాలి.

అడిగిన ప్రశ్నే మళ్ళీ వచ్చినప్పుడు ఏం చేయాలనే దాని మీద కూడా నాకు గట్టి అభిప్రాయం ఉంది. "ఇదివరకే చెప్పాం, వెతుక్కోండి" అనే జవాబు నిషేధించదగినది. అది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఆ తర్వాత వెతికినవారికి మొట్టమొదట దొరికేది ఆ వాక్యమే అవుతుంది, నాకు జరిగింది అదే. వెతుక్కోమని చెప్పే మనిషికి ఆ పాత చర్చ ఎక్కడుందో తెలిసే ఉంటుంది, దాని లింకు ఇవ్వడానికి పట్టేది ఆ వాక్యం రాయడానికి పట్టినంత సమయమే. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదిక ఈ విషయంలో ఒక మంచి పద్ధతి పాటిస్తుంది. పాత ప్రశ్నే మళ్ళీ వస్తే దాన్ని అక్కడితో మూసి, పాతదానికి లింకు కలుపుతుంది, కొత్తగా అడిగిన మాటలను మాత్రం చెరిపేయకుండా అలాగే ఉంచవచ్చు. మన నిఘంటువుల్లో ఒక మాట దగ్గర "చూ." అని వేసి మరో మాట దగ్గరికి పంపడం లాంటిదే ఇది. పది మంది పది రకాల మాటలతో అడిగితే పది దారులు ఏర్పడతాయి, అన్నీ ఒకే జవాబు దగ్గరికి తీసుకెళతాయి. అలా చూస్తే, మళ్ళీ అడిగిన ప్రశ్న బరువు కాదు, దారి చూపే మరో పలక.

తెలుగులో రాసేవారికి ఇక్కడ అదనంగా ఒక చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఒకే మాటను మనం బ్యాటరీ, బ్యాటరి, బాటరీ అని మూడు రకాలుగా రాస్తాం. ఆ మాటనే ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగుగా రాసేవారు ఇంకా ఎక్కువ. సెర్చ్ ఇంజిన్లు ఈ తేడాలను కొంతవరకు సర్దుకుంటాయి గానీ, గ్రూపుల లోపల ఉండే సెర్చ్‌లో చాలావాటికి ఆ తెలివి లేదు. ఇంకా సూక్ష్మమైన సంగతి మరొకటి ఉంది. "ఎక్స్‌పోజర్" అని విడదీసి రాయడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ సంకేతం పడుతుంది, అది లేకపోతే అదే మాట "ఎక్స్పోజర్" అని వత్తుతో కలిసిపోతుంది. చదివే మనకు రెండూ ఒకటే, అక్షరాలను మాత్రమే పోల్చి చూసే కంప్యూటరుకు రెండూ వేర్వేరు మాటలు. ఒక రకంగా రాసినది మరో రకంగా వెతికేవారికి దొరకదు. దీనికి నేను పాటిస్తున్న ఉపాయం సాదాసీదా. ఏదైనా వివరంగా రాసినప్పుడు చివర ఒక వరుసలో ఆ విషయానికి జనం వాడే మాటలన్నిటినీ, రెండు మూడు వర్ణక్రమాల్లో, ఇంగ్లిషు అక్షరాల్లో కూడా చేర్చి పెడతాను. చూడటానికి అందంగా ఉండదు. దొరుకుతుంది.

వాయిస్ మెసేజ్‌ల విషయం కూడా చెప్పాలి. పెద్దవయసు వారు, చేతిపని తెలిసినవారు టైపు చేయడం కంటే మాట్లాడటానికే ఇష్టపడతారు. వాళ్ళు పంపే నాలుగు నిమిషాల మాటలో కొన్నిసార్లు పుస్తకాల్లో లేని విషయం ఉంటుంది. మా గ్రూపులో ఒక పెద్దాయన షట్టరు బిగుసుకుపోయిన కెమెరాను ఏ స్క్రూ ముందు విప్పాలో, ఏది విప్పకూడదో, విప్పిన వరసలోనే స్క్రూలను రెండువైపులా జిగురుండే టేపు మీద ఎలా అంటించుకోవాలో వాయిస్ మెసేజ్‌లో చెప్పారు. అది విన్నవారు మెచ్చుకున్నారు, వారం తిరిగేసరికి అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఆయనను టైపు చేయమని అడగడం న్యాయం కాదు. విన్నవారిలో ఒకరు దాన్ని ఎనిమిది వాక్యాలుగా రాసి, ఆయనకు చూపించి, తప్పులు సరిచేయించుకుని, ఆయన పేరుతోనే పెట్టడం న్యాయం. వీడియోల విషయంలోనూ అంతే. ఇరవై నిమిషాల వీడియోలో పనికొచ్చే ముక్క ఏ నిమిషం దగ్గర ఉందో కింద ఒక వాక్యం రాస్తే వందమంది సమయం మిగులుతుంది.

నేను చూసిన ఆ ఖాళీ గడి లాంటివి ఇంటర్నెట్‌లో లక్షల్లో ఉన్నాయి. 2017లో ఫొటోలు దాచుకునే సైటు ఫొటోబకెట్ తన నిబంధనలు మార్చి, తన దగ్గర దాచిన బొమ్మలు ఇతర సైట్లలో కనిపించాలంటే రుసుము కట్టాలని షరతు పెట్టినప్పుడు, ఎన్నో అభిరుచి చర్చల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మరమ్మతు ఫొటోలు ఒక్కసారిగా మాయమయ్యాయి. యాహూ గ్రూప్స్ అనే చర్చా వేదిక పాత సందేశాలను, దస్త్రాలను తొలగిస్తామని 2019 అక్టోబరులో ప్రకటించి, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. కొందరు సభ్యులు రాత్రింబగళ్ళు కూర్చుని కొంత భాగాన్ని కాపాడుకోగలిగారు, మిగిలింది పోయింది. మనం రాసేది ఎవరో ఒకరి స్థలంలో అతిథులుగా రాస్తున్నామని ఇలాంటప్పుడే గుర్తొస్తుంది. బొమ్మ పెట్టినప్పుడు అందులో ఏముందో రెండు వాక్యాల్లో కింద రాయాలి, అప్పుడు బొమ్మ పోయినా విషయం మిగులుతుంది. లింకు ఇచ్చినప్పుడు అక్కడ ఏం చెప్పారో సారం కూడా ఇవ్వాలి. అందరికీ తెరిచి ఉన్న పుట అయితే, దాన్ని వెబ్ పుటల నకళ్ళు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరిచే సదుపాయం ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఒకచోట కూర్చిపెట్టిన సమాచారం వల్ల ప్రమాదం కూడా ఉందని ఒప్పుకుంటాను. తప్పు విషయం అక్కడ చేరితే అది వేదవాక్కు అయిపోతుంది. నా బ్యాటరీ సంగతే తీసుకుంటే, అప్పటి కెమెరాల్లో కొన్నిటికి, ఉదాహరణకు పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కు, వోల్టేజీ కాస్త మారినా మీటరు తప్పు చూపకుండా ఉండే సర్క్యూట్ ఉంటుంది. "పాత కెమెరాలో ఆల్కలైన్ సెల్లు వేయకూడదు" అని ఒక్క వాక్యం రాసిపెడితే ఆ కెమెరా ఉన్నవారిని అనవసరంగా తిప్పలు పెట్టినట్టు అవుతుంది. అలాగే పాదరసపు సెల్లు కొనమని చెప్పే పాత జవాబులు, రాసిన రోజున సరైనవే, ఈరోజు పనికిరావు. అందుకే ఏ మోడలు మీద, ఎప్పుడు, ఏం ప్రయత్నించి చూశారో, ఏది పనిచేయలేదో కూడా రాయాలి. పనిచేయనిది రాయడానికి మనకు మొహమాటం ఎక్కువ, కానీ విఫలమైన ప్రయత్నం గురించిన రెండు వాక్యాలు మరొకరికి ఒక ఆదివారాన్ని మిగులుస్తాయి. వార్డ్ కన్నింగ్‌హామ్ 1995లో మొదలుపెట్టిన వికీ పద్ధతి, అంటే చదివేవారే దిద్దగలిగే పుట, ఇందుకు చక్కగా సరిపోతుంది. చర్చ చర్చగానే సాగుతుంది, దాని సారం మాత్రం వికీ పుటలోకి చేరుతుంది, కొత్త సంగతి తెలిసినప్పుడల్లా ఆ పుట మారుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో చరిత్ర మిగులుతుంది.

మరి ఈ పని ఎవరు చేయాలి? ఇక్కడే నాకు అసలు బాధ. జవాబు చెప్పినవారికి ధన్యవాదాలు వస్తాయి, బొటనవేలి గుర్తులు వస్తాయి, పేరు వస్తుంది. పది చర్చలు చదివి, వాటి సారం తీసి, శీర్షికలు దిద్ది, చచ్చిపోయిన లింకులు మార్చినవారిని ఎవరూ గమనించరు. గ్రంథాలయంలో పుస్తకం రాసినవారు ఎంత ముఖ్యమో, అది ఏ అరలో ఉందో చెప్పే సూచికను తయారుచేసినవారూ అంతే ముఖ్యం. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయమనే. అభిరుచి గ్రూపుల నిర్వాహకులు దారి తప్పిన సందేశాలను తొలగించేవారిని నియమించుకున్నట్టే, పనికొచ్చే సందేశాలను ఏరి భద్రపరిచేవారిని కూడా నియమించుకోవాలని, ఆ పుట మీద వారి పేర్లు వేయాలని నా విజ్ఞప్తి. మూసి ఉన్న గ్రూపులో ఒకరు రాసినదాన్ని బయట పెట్టేటప్పుడు వారి అనుమతి తప్పకుండా తీసుకోవాలి, సొంత వివరాలుంటే తీసేయాలి. ఇది మరిచిపోతే నమ్మకం పోతుంది, నమ్మకం పోతే చెప్పేవారే ఉండరు.

ఇలా అన్నీ ఒకచోట రాసిపెడితే మనుషులు మాట్లాడుకోవడం తగ్గిపోతుందని మా గ్రూపులోనే ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆయన మాటలో నిజం లేకపోలేదు, చాలామంది గ్రూపుల్లోకి వచ్చేది సమాచారం కోసమే కాదు, తోడు కోసం కూడా. అయితే నేను గమనించింది మరోలా ఉంది. ఒకే ప్రశ్నకు వందోసారి జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు అలసిపోయి తప్పుకునేది అందరికంటే ఎక్కువ తెలిసినవారే. నలుగురం కలిసి బ్యాటరీల మీద, పాత స్పాంజి సీళ్ళు జిగురుగా మారి వెలుతురు లోపలికి రావడం మీద, లెన్సుల్లో పట్టే ఫంగస్ మీద మూడు పుటలు తయారుచేసి గ్రూపు పైభాగంలో పిన్ చేశాక, కొత్తవారు వాటిని చదివి వచ్చి, వాటిలో లేని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళుగా మౌనంగా ఉన్న ఆ పెద్దాయన మళ్ళీ మాట్లాడుతున్నారు.

ఇక ఆరేళ్ళ కిందటి ఆ ప్రశ్న సంగతి. నా కెమెరా బాగుపడ్డాక, దాని కింద జవాబు రాద్దామని వెళితే, పాత చర్చ కాబట్టి కొత్త జవాబులు చేర్చే వీలు లేకుండా దానికి తాళం వేసి ఉంది. పాత చర్చలను ఇలా మూసేయడం చాలాచోట్ల ఆనవాయితీ. దాన్ని పునరాలోచించాలని ఆయా నిర్వాహకులను కోరుతున్నాను, ఎందుకంటే వెతికేవారికి ముందుగా దొరికేది పాత చర్చే, జవాబు చేరాల్సింది కూడా అక్కడే. నేను అక్కడి నిర్వాహకులకు ఉత్తరం రాస్తే వారు దయతో తాళం తీశారు, శీర్షికను కూడా మార్చారు. అక్కడ నేను చేర్చినది ఇదీ:

"కెమెరా కానన్ కానొనెట్ క్యూఎల్17 జీ-3. ఆటోమేటిక్ పద్ధతిలో తీసిన ఫొటోలన్నీ చీకటిగా, నెగెటివ్‌లు పల్చగా వచ్చాయి. 1.35 వోల్టుల పాదరసపు సెల్లు ఉండాల్సిన చోట 1.5 వోల్టుల ఆల్కలైన్ సెల్లు వేయడమే కారణం. రీలు మార్చి చూశాను, కడిగేచోటు మార్చి చూశాను, వాటివల్ల తేడా రాలేదు. వినికిడి యంత్రానికి వాడే 675 సైజు జింక్-ఎయిర్ సెల్లుకు రబ్బరు రింగు తొడిగి వేశాను, సెల్లు మీది గాలి రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకున్నాను. ఆ తర్వాత తీసిన రెండు రీళ్ళూ సరిగ్గా వచ్చాయి. పైనున్న స్టిక్కరు తీసిన కొన్ని వారాలకు ఈ సెల్లు అయిపోతుంది కాబట్టి అదనంగా ఒకటి దగ్గర ఉంచుకోండి. మరే మోడలులోనూ నేను ప్రయత్నించలేదు, ప్రయత్నించినవారు ఇక్కడే కింద రాయగలరు."

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు